తలలో పొంచి ఉన్న బుడగ
మెదడులో రక్తనాళం చిట్లడానికి కోపమో కాఫీయో సాకు మాత్రమే. అసలు దోషులు రక్తపోటు, పొగ

మగ్గం మీద పోగు తెగితే ముడివేసి మళ్లీ నేయొచ్చు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సూరత్‌కు వలస వెళ్లి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన పద్మశాలీలకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కానీ తెగింది మెదడులోని రక్తనాళమైతే దొరికే వ్యవధి కొద్ది గంటలే. మరమగ్గాల దగ్గర 12 గంటల షిఫ్టు, మధ్యలో బీడీ, ఏళ్ల తరబడి చూపించుకోని బీపీ. ఈ మూడింటిలో చివరి రెండూ వైద్యులు ముందుగా వేలెత్తి చూపేవి.

మెదడు ధమనులు రెండుగా చీలే చోట గోడ బలహీనపడితే సైకిల్ ట్యూబులా ఉబ్బుతుంది. అదే ఎన్యూరిజం. పెద్దల్లో దాదాపు 3 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. చాలామందిలో జీవితాంతం చిట్లదు, ఉన్నట్లు కూడా తెలియదు. చిట్లితే మాత్రం సుమారు మూడోవంతు మంది మరణిస్తారు.

మరి ఆ క్షణంలో చిట్లేలా చేసేది ఏది? నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు 250 మంది రోగులను ప్రశ్నించి 2011లో ఎనిమిది కారణాలు తేల్చారు: కాఫీ, తీవ్రమైన వ్యాయామం, గట్టిగా ముక్కు చీదడం, సంభోగం, మలవిసర్జనకు ముక్కడం, కోలా పానీయాలు, ఉలికిపాటు, కోపం. వీటిలో చాలావాటికి ఉమ్మడి లక్షణం, రక్తపోటును ఒక్కసారిగా పెంచడం. ఉలికిపాటు ముప్పును 23 రెట్లు పెంచితే కాఫీ పెంచేది రెండు రెట్ల లోపే. అయినా జాబితాలో కాఫీయే ముందుంది. కారణం, తాగేవారు ఎక్కువ.

అలాగని కాఫీ మానేస్తే గండం గడిచినట్లు కాదు. బుడగ లేనివారిని ఏ తుమ్మూ ఏమీ చేయదు. గోడను ఏళ్ల తరబడి బలహీనపరిచేవి వేరే ఉన్నాయి. పొగతాగేవారికి, అదుపులో లేని బీపీ ఉన్నవారికి, అతిగా మద్యం తాగేవారికి ముప్పు ఎక్కువ. పురుషుల కంటే స్త్రీలకు, అందులోనూ 50 ఏళ్లు దాటినవారికి ప్రమాదం హెచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉన్నా, వంశపారంపర్యంగా మూత్రపిండాల్లో నీటితిత్తులు ఉన్నా ఎంఆర్ యాంజియోగ్రామ్ గురించి డాక్టరును అడగడం మంచిది. 7 మిల్లీమీటర్ల లోపు బుడగ బయటపడితే కంగారు అక్కర్లేదు. చాలా సందర్భాల్లో గమనిస్తూ ఉంటే చాలు.

వయసు తక్కువన్న ధీమా కూడా పనికిరాదు. నటి ఎమిలియా క్లార్క్ 2011లో జిమ్‌లో వ్యాయామం చేస్తూ కుప్పకూలినప్పుడు ఆమె వయసు 24. 1988లో రెండు ఎన్యూరిజంలకు ఆపరేషన్ చేయించుకున్న జో బైడెన్ తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. బుడగ మెడకు క్లిప్పు బిగించే పద్ధతిని 1937లో వాల్టర్ డాండీ మొదలుపెట్టారు. ఇప్పుడు పుర్రె తెరవకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి ప్లాటినం తీగ పంపి బుడగను పూడ్చేస్తున్నారు. రెండు పద్ధతులూ సాధ్యమైన రోగుల్లో తీగ పద్ధతే మెరుగని 2002లో ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది.

ఇవన్నీ అక్కరకొచ్చేది రోగి సకాలంలో చేరితేనే. చిట్లిన బుడగ మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. ఆనవాలు ఒక్కటే: జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలపోటు, పిడుగు పడ్డట్లు క్షణాల్లో. దానికి తోడు వాంతులు, మెడ బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం ఉండొచ్చు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు 2007లో గుజరాత్‌కూ చేరింది. వెంటనే దానికి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పి మాత్ర వేసుకుని షిఫ్టు ముగిశాక చూద్దామనుకోవడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.