కాస్మెటిక్ చార్జీలు, తెల్లబడే ట్యూబు, మన చర్మం

సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్నవాళ్లకి 'కాస్మెటిక్ చార్జీలు' అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. సబ్బు, తలనూనె, పేస్టు లాంటివాటికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు. తెలంగాణలో 2024 చివర్లో పెంచేదాకా మూడు నుంచి ఏడో తరగతి చదివే ఆడపిల్లకి నెలకి 55 రూపాయలు, ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లకి 75 రూపాయలు వచ్చేవి. ఇప్పుడవి 175, 275 అయ్యాయి. పెరగడం మంచిదే. కానీ మేం చూసిన గదుల్లో సబ్బు అరిగిపోయినా పక్కవాళ్లది వాడుకుని సరిపెట్టుకుంటున్నారు, తెల్లబడే క్రీము ప్యాకెట్ మాత్రం మానడం లేదు. మగపిల్లలు కూడా.

మేం ఐదుగురం ఎస్సీ హాస్టళ్ల నుంచి యూనివర్సిటీకి వచ్చినవాళ్లం. రంగు మారుస్తానని చెప్పే వస్తువేదీ ముట్టుకోకుండా, ఆ 275 రూపాయల లోపే చర్మాన్నీ ఒంటినీ బాగా చూసుకోగలమా అని ఎనిమిది వారాలు చేసి చూశాం. అందులో తెలిసినవీ, ఆ పనిలో చదివి తెలుసుకున్నవీ ఇక్కడ పంచుకుంటున్నాం.

ముందు రంగు సంగతి. చర్మంలో రంగుని తయారుచేసే కణాలని మెలనోసైట్లు అంటారు. తెల్లగా ఉన్న మనిషికీ నల్లగా ఉన్న మనిషికీ వీటి సంఖ్యలో పెద్ద తేడా ఉండదు. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం, పై కణాల్లో ఎలా పరుచుకుంది అన్నదాన్ని బట్టే రంగు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కణాల లోపలి డీఎన్‌ఏని దెబ్బతీయకుండా మెలనిన్ గొడుగులా అడ్డుపడుతుంది. అంటే నలుపు చర్మానికి వచ్చిన రోగం కాదు, దానికున్న రక్షణ. ఈ రక్షణని 'సమస్య' అని పేరుపెట్టి దానికి మందు అమ్మడమే ఫెయిర్‌నెస్ వ్యాపారం.

ఆ వ్యాపారం సొంతంగా పుట్టించిన అవమానం కాదిది. ముందే ఉన్న అవమానాన్ని ట్యూబులో పెట్టి అమ్మింది. తెలుగులో 'వర్ణం' అంటే రంగు, కులవ్యవస్థలోని వర్ణం కూడా అదే మాట. పై కులం తెలుపు, కింది కులం నలుపు అనే లెక్క జనం బుర్రల్లో ఎంత గట్టిగా ఉందంటే, నల్లటి బ్రాహ్మణ్ణీ తెల్లటి చమార్‌నీ నమ్మకూడదని ఉత్తరాదిలో సామెతే ఉంది. మన దగ్గర సామెతల దాకా పోనక్కర్లేదు. 'నల్లగా ఉన్నా కళగా ఉంది' అంటారు కదా, ఆ 'ఉన్నా' చాలు. మాలో ఒకరిది కొంచెం తెల్లటి ఒళ్లు. ఆమెకి కాలేజీలో దొరికిన మెచ్చుకోలు ఏమిటంటే, 'నిన్ను చూస్తే ఎస్సీ అనుకోరే!' అదే తెల్లటి ఒంటితో అద్దెగది కోసం వెళ్తే మూడో ప్రశ్నకే 'మీరేమిట్లు' దగ్గరికి వచ్చారు. గది ఇవ్వలేదు. రంగు తెల్లబడితే కులం నుంచి బయటపడొచ్చని ఎవరైనా అనుకుంటే ఆ ఇంటి గేటు దగ్గర తేలిపోతుంది.

రంగు చూసి కులం చెప్పొచ్చన్న లెక్కకి పునాది కులాలు వేరువేరు జాతులన్న నమ్మకం. అంబేడ్కర్ దీన్ని 1936లోనే 'కుల నిర్మూలన'లో కొట్టిపారేశారు. పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కీ జాతిలో తేడా లేదు, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే జాతివాళ్లు అన్నది ఆయన వాదన. చుట్టూ చూస్తే మనకీ తెలుస్తుంది. ఒకే ఊళ్లో ఎండన పడి నాట్లేసేవాళ్లకీ నీడపట్టున ఉండేవాళ్లకీ కనబడే తేడాలో సగం పుట్టుకది కాదు, పనిది. భూమి లేని ఇంటి ఆడమనిషి ముఖం మీది నలుపులో ఆమె చేసిన కూలి రోజుల లెక్క కూడా ఉంది.

ఇక వ్యాపారం. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది. ఉద్యోగం రాకపోవడానికీ పెళ్లి కాకపోవడానికీ రంగే కారణమని దశాబ్దాల పాటు ప్రకటనలు నడిచాయి. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లగా ఉన్నవాళ్లని తక్కువ చేసి చూపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికాలో నల్లజాతి ఉద్యమం ఎగసిన 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది, కొనేవాళ్లకి మాత్రం అర్థం మారలేదు. ఇది మన గడ్డ మీద ఆగే విషయం కూడా కాదు. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013లో మిస్ అమెరికా కిరీటం గెలిచినప్పుడు, ఇంత నల్లటి అమ్మాయి ఇండియాలో గెలిచేదా అన్న చర్చ ఇక్కడే నడిచింది.

అయితే మేం ముఖ్యంగా చెప్పాలనుకున్నది టీవీ ప్రకటనల క్రీముల గురించి కాదు. అంతకంటే ప్రమాదకరమైనది మెడికల్ షాపు ట్యూబు. 'అన్నా, తెల్లబడే క్రీమ్ ఇవ్వు' అంటే షాపతను చీటీ అడక్కుండా ఇచ్చేది. చాలాసార్లు అందులో మూడు మందులు కలిసి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టర్ చూస్తూ కొద్ది వారాలు మాత్రమే వాడించాల్సిన మందు అది. కొన్ని ట్యూబుల్లో ఇంకా ఘాటైన క్లోబెటసాల్ ఉంటుంది. గజ్జికీ తామరకీ మొటిమలకీ కూడా ఇదే ఇచ్చేస్తారు.

స్టెరాయిడ్ రాయగానే చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపూ దురదా అణుగుతాయి, రంగు తయారీ మందగిస్తుంది. రెండు వారాల్లో ముఖం తేటగా, నునుపుగా కనబడుతుంది. అసలు ఉచ్చు ఇక్కడే. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి లోపలి ఎర్ర నరాలు బయటికి కనబడతాయి. మొటిమలు గుంపులుగా వస్తాయి, ఆడపిల్లల ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఎండలోకి వెళ్తే మండుతుంది. భయపడి ఆపేస్తే ముఖం ఎర్రగా పొంగి ఇంకా మండుతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. అందుకని మళ్లీ రాస్తారు. చర్మ డాక్టర్లు దీనికి 'స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం' అని పేరే పెట్టారు. దేశంలోని పన్నెండు కేంద్రాల్లో చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారు. వాళ్లలో 59 శాతం మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టర్ కాదు.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 స్టెరాయిడ్ పూతలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద ఉంది, కౌంటర్ మీద లేదు. కాబట్టి ట్యూబు చదవడం మనమే నేర్చుకోవాలి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుయోసినోలోన్ అనే పేర్లలో ఏది కనబడినా అది స్టెరాయిడ్. ఆర్ఎక్స్ గుర్తు, ఎర్ర గీత ఉంటే అది అలంకరణ సామాను కాదు, మందు.

అసలు ఏ పేరూ లేని డబ్బాలు ఇంకో రకం. వీటిలో పాదరసం ఉండొచ్చు. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది, చర్మం గుండా ఒంట్లోకి పోయి మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 పరిశీలించారు. అందులో 15 మందిలో జబ్బు ఒక ప్రత్యేకమైన రకానికి చెందింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బాని ఎవరు బహుమతిగా ఇచ్చినా తీసుకోవద్దు.

'ఇవన్నీ ఎందుకు, ఇంట్లోవి రాసుకుంటే పోలా' అనే అమ్మమ్మలున్నారు. సున్నిపిండితో పేచీ లేదు, మెల్లగా రుద్దితే మట్టీ జిడ్డూ పోతాయి. గట్టిగా రుద్దితే రంగు పోతుందనుకోవడమే తప్పు. పోయేది పై పొర, దాని వెనక వచ్చేది మచ్చ. నిమ్మకాయ మాత్రం ముఖానికి వద్దు. అది చర్మం తట్టుకోలేనంత పులుపు. పైగా నిమ్మజాతి రసం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నెలల తరబడి నల్లమచ్చలు మిగలొచ్చు. తెల్లబడదామని రాసింది నల్లబరుస్తుందన్నమాట. వంటసోడా, మొటిమ మీద టూత్‌పేస్టు కూడా ఈ జాబితాలోవే.

మేం చేసింది చాలా చిన్న పని. ముఖం రోజుకి రెండుసార్లు మామూలు సబ్బుతో, రుద్దకుండా కడగడం. స్నానం చేసి ఒళ్లు తడి ఆరకముందే చేతులకీ కాళ్లకీ కొబ్బరినూనె రాయడం. తడి మీద రాస్తే నీరు లోపలే నిలుస్తుంది, అందుకే ఆ తొందర. మొటిమలున్న ఇద్దరూ ముఖానికి నూనె రాయలేదు, రంధ్రాలు మూసుకుపోతాయి. రాత్రి కాళ్లు కడిగి మడమలకి పెట్రోలియం జెల్లీ పూసి పాత సాక్సులు వేసుకోవడం. మధ్యాహ్నం బయటికి వెళ్తే గొడుగో చున్నీనో. నల్లచర్మానికి ఎండ దెబ్బ తక్కువే గానీ అసలు లేకపోలేదు, మంగు మచ్చలు ముదిరేది ఎండకే. ఎవరి తువ్వాలు వాళ్లది, రోజూ ఎండలో ఆరేయాలి. హాస్టల్లో అన్నిటికంటే కష్టమైంది ఈ చివరిదే. ఐదుగురికి ఉన్న తీగ ఒకటే!

ఎనిమిది వారాల తర్వాత ఎవరి రంగూ మారలేదు. మారాలని చెయ్యలేదు కూడా. పిక్కల మీద పొలుసులు, దురద పోయాయి. మడమల పగుళ్లు మూడోవారానికే కలిశాయి. మాలో ఏడాదిన్నరగా ట్యూబు రాస్తున్న అక్క ఒకామె ఉంది. ఆమె విషయంలో నూనెతో, సబ్బుతో అయ్యేది కాదు. ప్రభుత్వ బోధనాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి ట్యూబు చేతిలో పట్టుకునే వెళ్లాం. ఒక్కసారిగా మానేయకుండా ఎలా తగ్గించాలో డాక్టర్ చెప్పారు. ఇంకా మందులు నడుస్తున్నాయి. ఇలాంటివాళ్లు మీ గదిలో ఉంటే తిట్టకండి. ముఖం మండుతున్నవాళ్లకి ఆత్మగౌరవ ఉపన్యాసం అక్కర్లేదు.

హాస్టళ్లకి సంబంధించి ఇంకొకటి. గజ్జి ఒకరికొస్తే ఒకరికే మందు రాయడం వృథా. డాక్టర్ని అడిగి 5 శాతం పెర్మెత్రిన్ క్రీము గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాలి దాకా రాసుకోవాలి, పొద్దున కడగాలి, వారానికి మళ్లీ ఒకసారి. బట్టలు, దుప్పట్లు అదే రోజు వేడినీళ్లతో ఉతకాలి. ఇది పిల్లల శుభ్రత మీద నెట్టేసే సంగతి కాదు, వార్డెన్ చేయించాల్సిన పని. నీళ్లు రాని బాత్రూముల ముందు శుభ్రత పాఠాలు చెప్పేవాళ్లని ఆ బాత్రూముల్లోకే తీసుకెళ్లాలి.

'గ్లో' గురించి ఒక మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ముఖం పాలిపోవడం, జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం క్రీముతో తగ్గేవి కావు. మెస్‌లో గుడ్డు, ఆకుకూర, పప్పు మెనూలో రాసినట్టు పెడుతున్నారా, ఐరన్ మాత్రలు వస్తున్నాయా అన్నది కూడా చర్మ సంరక్షణ కిందికే వస్తుంది. మగపిల్లలు కండల కోసం కొనే పొడుల డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో వాళ్లే లెక్కేసుకోవచ్చు.

మందు వల్ల ముఖం పాడైతే ఫిర్యాదు చేసే దారి ఉంది. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800 180 3024. బాధితులు నేరుగా చెప్పొచ్చు. చీటీ లేకుండా అమ్మిన షాపు మీద జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాయాలంటే ట్యూబునీ బిల్లునీ పారేయకండి. బిల్లు ఇవ్వరు, అడిగి తీసుకోవాలి.