థైరాయిడ్ మాత్ర: మేలు, మితి

కంఠంలో శ్వాసనాళానికి ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. దాని స్రావం తగ్గినప్పుడు అలసట, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, శరీరం బరువెక్కడం వంటి లక్షణాలు పొడసూపుతాయి. 1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జి ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో ఈ వ్యాధికి చికిత్స చేశాడు. 1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. నేటి మాత్రలో ఉన్నది కృత్రిమంగా తయారుచేసిన ఆ హార్మోనే.

ఈ మాత్ర లోటును పూరిస్తుందే గాని గ్రంథిని బాగుచేయదు. శరీరంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. కనుక మాత్ర మానిన మరునాడే కీడు తెలియదు. కొన్ని వారాలకు వ్యాధి మళ్ళీ తలయెత్తుతుంది. మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. బరువు తగ్గడానికై దీనిని వాడడం ప్రమాదకరం.

మాత్రను పరగడుపున నీటితో వేసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. రంజాన్ ఉపవాసాలలో వేళను వైద్యుని అడిగి మార్చుకోవాలి. గర్భిణులకు తరచు మోతాదు పెంచవలసి వస్తుంది.

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే మన తల్లాడ ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. వేడికి, తేమకు ఈ మందు బలం తగ్గుతుంది. పొయ్యి దగ్గర, ఎండ తగిలే కిటికీలో ఉంచరాదు.

మోతాదు మార్చిన 6 నుండి 8 వారాలకు టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష చేయించాలి. అది సరిగా ఉన్నా అలసట తీరకుంటే రక్తహీనత వంటి ఇతర కారణాలను వెదకాలి గాని, స్వయంగా మాత్రలు పెంచుకోరాదు.