ఉరార్తు ప్రజల సమాధులు

నేటి టర్కీ దేశపు తూర్పు భాగంలో వాన్ అనే పెద్ద సరస్సు ఉంది. క్రీ.పూ. 9–7 శతాబ్దాలలో దాని చుట్టూ ఉరార్తు రాజ్యం వర్ధిల్లింది. రాజధాని తుష్పాలో రాజుల సమాధులకై కొండను గదులుగా తొలిచారు. మొదటి అర్గిష్తి సమాధి ద్వారం వద్ద అతని విజయాలను రాతిపై చెక్కారు. ఆల్టిన్‌టెపెలో భూమి లోపల రాళ్లతో ఇంటివంటి గదులు కట్టి, గోడలలో గూళ్లు అమర్చారు.

ఉరార్తు ప్రజలు కొందరిని పూడ్చేవారు. మరికొందరిని దహనం చేసి, అస్థికలను కుండలలో ఉంచేవారు. కంచు నడికట్లు, ఆయుధాలు, గుర్రపు కళ్లేలు తోడుగా పెట్టేవారు.

పురావస్తు శాస్త్రజ్ఞులు చేరేసరికి తుష్పా రాజుల గదులు ఖాళీగా ఉన్నాయి. సమాధి నుండి దొంగిలించిన నడికట్టు అంగడిలో దొరికినా, అది ఎవరి పక్కన ఉండేదో చెప్పలేము. వస్తువు మిగిలినా దాని చరిత్ర పోతుంది. అందుకే పాత సమాధులను కదల్చక కాపాడాలి.