ఆటల కంప్యూటరు – అంగముల పొందిక

కాడికి ఎద్దును కొనువాడు సంతలో కంటికి నచ్చిన మొదటిదానికే వెల కట్టడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అన్నిటికంటె ముందుగా, ఇంటనున్న ఎద్దుతో దానికి జోడు కుదురునా యని యోచించును. ఒకటి వడిగలదియు, రెండవది మందకొడియు నైనచో వడిగలదాని బలము వ్యర్థమగును. ఆటలకొరకు కంప్యూటరును విడిభాగములతో కూర్చుకొనదలచిన వారికిని మొదటి పాఠమిదియే. ఏ అంగము దేనితో పొందుపడును అను ప్రశ్నయే తక్కిన ప్రశ్నల కన్నిటికిని మూలము.

రుద్రవరము నంద్యాల జిల్లాలో నల్లమల కొండల చెంత నున్న మండల కేంద్రము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడువఱకు ఇది కర్నూలు జిల్లాలో నుండెను. ఇట్టి యూరి విద్యార్థి కంప్యూటరు భాగములకొరకు ఆళ్లగడ్డకో నంద్యాలకో పోవలెను. పెక్కు రకములు చూచి బేరమాడదలచినచో సికింద్రాబాదున పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వఱకు ప్రయాణము చేయవలసి యుండును. ఇంటనే యుండి తెప్పించుకొనుటయు నేడు సాధ్యమే. కాని తప్పుగా ఎన్నుకొన్న భాగమును మార్చుకొనుటకు ధనమును, కాలమును మరల వెచ్చింపవలెను. పల్లెటూరి కుటుంబమున ఇట్టి యంత్రపు వెల యనగా ఒక పంటపై మిగిలిన సొమ్ము. అట్టి సొమ్మును వెచ్చించువాడు అంగడికి పోకమునుపే కాగితముమీద లెక్క కట్టుకొనుట ధర్మము.

ఈ యంత్రము మన యిండ్లకు వచ్చుటకు చాల కాలము పట్టినది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొందఱు యువకులు ‘స్పేస్‌వార్’ అను ఆటను వ్రాసిరి. దానిని నడిపిన యంత్రము బీరువాలంత పెద్దది. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మన దేశమున కంప్యూటర్ల నిర్మాణమునకు పునాది వేసిన సంస్థలలో నొకటి. 1999లో ఎన్విడియా సంస్థ ‘జీఫోర్స్ 256’ను విడుదల చేసి, బొమ్మలు గీయుటకే ప్రత్యేకమైన ప్రాసెసరు అను భావమును లోకమున వ్యాపింపజేసెను. నేటి ఆటల కంప్యూటరులో రెండు మెదళ్లు కలవు. ప్రాసెసరు ఆట నియమములను లెక్కించి, ఎవరెక్కడ నున్నది, ఏమి చేయవలసినది నిర్ణయించును. గ్రాఫిక్స్ కార్డు ఆ నిర్ణయములను బొమ్మలుగా గీయును.

కావున ఎన్నిక తెరతో ప్రారంభము కావలెను. తెర యనగా లెక్కలేనన్ని చుక్కల కూర్పు. సాధారణమైన తెరలో అడ్డముగా 1920 చుక్కలు, నిలువుగా 1080 చుక్కలు ఉండును. రెంటిని గుణించినచో 20,73,600 చుక్కలగును. సెకనునకు 60 బొమ్మలు కావలెనన్నచో గ్రాఫిక్స్ కార్డు ప్రతి సెకనును పన్నెండు కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఒక్కొక్క బొమ్మకు దానికి దొరకు వ్యవధి సెకనులో అఱువదవ వంతు మాత్రమే. సెకనునకు 144 బొమ్మలు చూపగల తెరను కొన్నచో పని రెండింతలకు మించును. 3840 చుక్కల వెడల్పు, 2160 చుక్కల ఎత్తు గల తెరలో చుక్కల సంఖ్య మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. పెద్ద తెరను కొని చిన్న కార్డును తగిలించినవాడు ఆటను చూడడు. ఆగి యాగి కదలు బొమ్మలను చూచును. మొదటిసారి కూర్చుకొను విద్యార్థికి 1920 చుక్కల తెర చాలును.

తెర నిశ్చయమైన పిమ్మట గ్రాఫిక్స్ కార్డును ఎన్నుకొనవలెను. ఆటల యంత్రములో అన్నిటికంటె వెల యెక్కువగునది సాధారణముగా ఇదియే. మొత్తము ధనములో మూడవ వంతు, ఒక్కొక్కపుడు అంతకంటె ఎక్కువ, దీనికే పోవును. దీనికి సొంత జ్ఞాపకశక్తి యుండును. నేటి పెద్ద ఆటలకు అది 8 జి.బి. కంటె తక్కువ కారాదు. కార్డు పొడవును క్యాబినెట్టు లోపలి కొలతతో సరిచూచుకొనుట మఱువరాదు. తెచ్చిన కార్డు పెట్టెలో పట్టక వెనుకకు పోయిన సందర్భములు పెక్కు కలవు.

ప్రాసెసరును కార్డునకు జోడుగా చూడవలెను. ప్రాసెసరు సెకనునకు 70 బొమ్మలకు చాలినంత లెక్క మాత్రమే సిద్ధము చేయగలదనుకొందము. గ్రాఫిక్స్ కార్డు 140 బొమ్మలు గీయగల సమర్థురా లైనను తెరమీద కనబడునవి 70 మాత్రమే. మిగిలిన శక్తికి చెల్లించిన ధనము నీటిపాలు. దీనికి విపర్యయముగా, మిక్కిలి వెలగల ప్రాసెసరును కొని కార్డు దగ్గఱ పిసినారితనము చూపినను ఫలితమిట్లే యుండును.

ప్రాసెసరు కూర్చుండు గద్దెను సాకెట్టు అందురు. అది మదర్‌బోర్డుమీద నుండును. ఏ.ఎం.డి. వారి ప్రాసెసరు ఇంటెల్ వారి గద్దెమీద కూర్చుండదు. ఒకే సంస్థవారి పాత ప్రాసెసరు క్రొత్త గద్దెమీద కుదురకపోవచ్చును. ర్యామ్ విషయమును ఇట్టిదే. ఏ.ఎం.డి. వారు 2022లో తెచ్చిన ఏ.ఎం.5 గద్దె గల బోర్డులు డి.డి.ఆర్.5 ర్యామ్‌ను మాత్రమే స్వీకరించును. 2021లో ఇంటెల్ వారు తెచ్చిన 1700 గద్దెకు డి.డి.ఆర్.4 బోర్డులును, డి.డి.ఆర్.5 బోర్డులును వేఱువేఱుగా వచ్చినవి. ఈ రెండు రకముల ర్యామ్‌ల అంచున నున్న గంటు ఒకే చోట నుండదు. కావున బలవంతముగా నొక్కినను ఒకటి మఱొకదాని స్థానమున దిగదు. 16 జి.బి. కావలసినపుడు ఒకే పలకగా గాక 8 జి.బి. పలకలు రెండు కొనుట మేలు. రెండు త్రోవలలో ఒక్కసారి సమాచారము ప్రవహించుటచేత ప్రాసెసరునకు ఎదురుచూపు తగ్గును.

ఆటలను దాచుటకు ఎస్.ఎస్.డి. కావలెను. తిరుగు పళ్లెము గల పాత హార్డు డిస్కు సెకనునకు 150 మెగాబైట్ల ప్రాంతమున చదువును. సాటా రకపు ఎస్.ఎస్.డి. 500కు పైగా చదువును. బోర్డుకే తగిలించు ఎన్.వి.ఎం.ఇ. రకము వేల మెగాబైట్లు చదువగలదు. పెద్ద ఆట యొక్కటియే 100 జి.బి. ఆక్రమించు రోజు లివి. కావున 500 జి.బి. కంటె ఒక టి.బి. కొనుట దూరదృష్టి యగును.

చాలమంది ఉపేక్షించు అంగము పవర్ సప్లై. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును లోపలి భాగములకు తగినట్లు మార్చి పంచునది ఇదియే. ఇది చెడినచో తాను మాత్రమే చెడక, తనతోపాటు వెలగల భాగములను చెఱుపగలదు. దీని లెక్క సులభము. కార్డునకు 200 వాట్లు, ప్రాసెసరునకు 100, తక్కినవానికి 75 అనుకొన్నచో మొత్తము 375. ఒక్కసారిగా భారము పెరుగు క్షణములకొరకు కొంత మిగులు ఉంచి 550 వాట్ల సప్లైని కొనవలెను. పేరులేని పెట్టెమీద ఎంత పెద్ద అంకె ముద్రించియున్నను నమ్మరాదు. సామర్థ్యమును పరీక్షించి యిచ్చు 80 ప్లస్ గుర్తు, దానిలో బ్రాంజు, గోల్డు మొదలగు తరగతులు ఉన్నవేమో చూడవలెను. సామర్థ్యము నూటికి 85 పాళ్లైనచో 375 వాట్లు ఇచ్చుటకు ఆ సప్లై గోడనుండి 440 వాట్లు తీసికొనును. ఆ లెక్కన రెండుంబావు గంటల ఆటకు, తెర ఖర్చు గాక, ఒక యూనిటు కాలును. ఇంటి బిల్లు కట్టువారికి ఈ సంగతి ముందుగా తెలియజేయుట మర్యాద.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. అది ఎండ. నంద్యాల సీమలో వేసవిని 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన దినములు కలవు. ఫ్యాను గాలిని కదల్చగలదు గాని, గదిలోని గాలికంటె చల్లగా ప్రాసెసరును ఉంచలేదు. 28 డిగ్రీల గదిలో 70 డిగ్రీలు చూపు ప్రాసెసరు, అదే పని చేయుచు 42 డిగ్రీల గదిలో సుమారు 84 డిగ్రీలు చూపును. 95 లేక 100 డిగ్రీల ప్రాంతమునకు చేరినపుడు అది తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అప్పుడు వెలపోసి కొన్న వడి మాయమగును. కావున చల్లని దేశములలో చాలు కూలరు ఇచ్చట చాలకపోవచ్చును. ముందువైపు జల్లెడవంటి తలుపు గల క్యాబినెట్టును తీసికొని, ముందునుండి గాలి లోనికి పోయి వెనుకనుండి వెలుపలికి పోవునట్లు ఫ్యానులు అమర్చవలెను. దుమ్ము పట్టు గుడ్డజల్లెడ నుంచి, దానిని తఱచు దులుపవలెను. గదిలోని నీటి కూలరు తుంపరలు పెట్టెమీద పడకుండ చూడవలెను.

విద్యుత్తు హఠాత్తుగా ఆగుట రెండవ చిక్కు. దీనికి యూ.పి.ఎస్. కావలెను. దానిమీద 600 వి.ఏ. అని యున్నంత మాత్రమున 600 వాట్లు మోయునని తలంపరాదు. అట్టివి సాధారణముగా 360 వాట్లు మాత్రమే మోయును. మన లెక్కలోని 440 వాట్ల యంత్రమునకును దాని తెరకును 1000 వి.ఏ. తరగతిది కావలెను, కొనుటకు ముందు దానిమీది వాట్ల అంకెను చదువవలెను. అది గంటలతరబడి ఆడుకొనుటకు గాక, పనిని భద్రపఱచి యంత్రమును క్రమముగా నిలుపుటకు కొలది నిమిషముల వ్యవధి నిచ్చును. మూడు కాళ్ల ప్లగ్గులో మూడవది భూమికి సంబంధించినది. ఇంట ఎర్తింగు సరిగా లేనిచో ముందది బాగు చేయించుకొనవలెను. ఇనుప పెట్టెను ముట్టుకొను చేతికి రక్ష అదియే.

కొనునపుడు ప్రతి భాగమునకును బిల్లు తీసికొనవలెను. పన్ను తప్పించుకొనుటకై బిల్లు లేకుండ కొన్న వస్తువునకు, చెడిన నాడు వారంటీ అడుగు నోరు ఉండదు. పాత గ్రాఫిక్స్ కార్డును తక్కువ వెలకు తీసికొనదలచినవారు దానిని అరగంటయైనను ఆడించి చూచి గాని సొమ్ము చెల్లింపరాదు. కూర్చుట పూర్తియైన పిమ్మట తెర తీగను మదర్‌బోర్డునకు గాక గ్రాఫిక్స్ కార్డునకే తగిలింపవలెను. ఈ చిన్న తప్పుచేత క్రొత్త కార్డు పనిచేయుట లేదని దుఃఖించినవారు కలరు.

ఇట్లు కూర్చిన యంత్రము ఆటలకు మాత్రమే పరిమితము కాదు. కట్టడముల నమూనాలు గీయుటకు, చలనచిత్రములు కూర్చుటకు, ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుటకు ఈ రెండు మెదళ్లే పనికివచ్చును. ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ఉలి పట్టిన చేతికి రాతి గుణము తెలిసినట్లే, తన యంత్రమును తాను కూర్చుకొన్న విద్యార్థికి దాని లోగుట్టు తెలియును. చెడినపుడు భయపడక, ఏ అంగము చెడినదో ఒక్కొక్కటిగా పరీక్షించి కనుగొనగలడు. సొమ్ము పందెముగా ఒడ్డు ఆటలు మాత్రము వేఱు. అట్టి ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేసినది. వినోదమునకు కొన్న యంత్రము ఇంటి సొమ్మును హరించు త్రోవ కారాదు.

కావున అంగడికి బయలుదేరుటకు ముందు ఒక కాగితము తీసికొని ఎడమవైపు అంగముల పేర్లు, కుడివైపు గద్దె, ర్యామ్ రకము, వాట్లు, పొడవు, వెల వ్రాయవలెను. ఒక వరుసలోని అంకె మఱొక వరుసలోని అంకెతో సరిపడనిచో అచ్చటనే కొట్టివేసి మఱల వ్రాయవలెను. కాగితముమీద దిద్దుకొనుటకు వ్యయము లేదు. బేరము ముగిసిన తరువాత దిద్దుకొనుటకు వ్యయము తప్పదు.