ఇంటి కూటములు - విశ్వాసాభివృద్ధి



చోడవరము ప్రాంతమున బెల్లము వండు రాత్రులు మీకు క్రొత్త కావు. గానుగ యొద్ద పొయ్యిలో చెఱకుపిప్పి మండుచుండును. పెనములో రసము పొంగుచుండును. మడ్డి తీయువా డొకడు, మంట చూచువా డొకడు, చలి కాచుకొనుచు కూర్చుండువారు నలుగురు. ఆ నలుగురి నడుమ వచ్చు మాటలు రచ్చబండ మీద రావు. అప్పు సంగతి, కూతురి కాపురము సంగతి, చనిపోయిన బిడ్డ సంగతి అచ్చటనే వెలికి వచ్చును. చక్కెర మిల్లుల కాలములో గోవాడ వంటి గ్రామములందు గానుగలు తగ్గియుండవచ్చును గాని, నలుగురు కూర్చున్నచోట మనసు విప్పు స్వభావము మనుష్యులలో తగ్గలేదు.

నేను చెప్పబూనిన విషయము దీనికి దూరమైనది కాదు. ఆదివారపు ఆరాధనలో నూరుగురు కూర్చుందురు. ఒకరు చెప్పుదురు, తొంబదితొమ్మండుగురు విందురు. విన్నవారిలో ఎవనికి అర్థమైనది, ఎవనికి సందేహము మిగిలినది, ఎవడు ఇంటికి పోయి భార్యను కొట్టినాడు అను సంగతి గురువునకు తెలియదు. విశ్వాసము పెద్ద సభలో మొలకెత్తవచ్చును గాని అది వేరూనుటకు ఎనమండుగురో పదిమందియో కూడు ఇల్లు కావలెను. మొదటి శతాబ్దమున క్రైస్తవులకు దేవాలయ భవనములు లేవు. అకుల ప్రిస్కిల్ల యను దంపతుల యింటను, ఫిలేమోను ఇంటను సంఘములు కూడుచుండెనని పౌలు పత్రికలు తెలుపుచున్నవి. కాబట్టి ఇంటి కూటము నేటి క్రొత్త పోకడ యని ఎవరైన అన్నచో, అది భవనముకంటె పాతదని మీరు ధైర్యముగా చెప్పవచ్చును.

తెలుగుదేశమున దీనికి మంచి దృష్టాంతము కలదు. సామ్యూల్ డే యను అమెరికను బాప్టిస్టు బోధకుడు 1836లో మన విశాఖపట్టణమునకే వచ్చి, శ్రీకాకుళమునను కొంతకాలముండి, 1840లో నెల్లూరు చేరెను. పదుమూడేండ్లు గడచినను అచ్చట ఫలము మిక్కిలి స్వల్పము. ఈ పని మూసివేయుదమా యని 1853లో అమెరికాలోని పెద్దలు తర్కించిరి. ఎట్లో కొనసాగింప నిశ్చయించిరి. 1854 జనవరి 1వ తేదీ వేకువను ఒంగోలు కొండమీద అయిదుగురు మోకాళ్లూనిరి. జూవెట్ దొర, ఆయన భార్య, క్రైస్తవ నర్సు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు తెలుగువారు, ముగ్గురు స్త్రీలు అని గమనింపుడు. ఒంగోలునకు ఒక బోధకుని పంపుమని వారి ప్రార్థన. పండ్రెండేండ్ల పిమ్మట 1866లో జాన్ క్లౌ అచ్చటికి వచ్చెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనమండుగురు మాత్రమే.

ఆ కాలముననే తాళ్లకొండపాడు గ్రామమున ఎర్రగుంట్ల పేరయ్య యను తోళ్ల వర్తకుడు ఉండెను. ఇతడు మాదిగ కులస్థుడు. క్రీస్తు మార్గము తెలియకమునుపే రాజయోగ గురువుల పాదములయొద్ద కూర్చుండి నేర్చినవాడు. రాత్రివేళ కొద్దిమంది శిష్యులు గురువు చుట్టు చేరి వినుట, అడుగుట, మరల చెప్పుట ఆ యోగుల పద్ధతి. 1866లో పేరయ్యయు ఆయన భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. తరువాత ఆయన తన ఊరిలో బంధువులకు, చుట్టుపట్ల వారికి తానెరిగినది చెప్పజొచ్చెను. మరుసటి యేడు జనవరిలో క్లౌ ఆ యూరి చింతతోపులో గుడారము వేసి కొన్నిదినములు బోధించి ఇరువదియెనమండుగురికి బాప్తిస్మమిచ్చెను. దొర బోధ కొన్నిదినములదే. ఆ బోధకు నేలను దున్ని యుంచినది పేరయ్య కూటము. ఇంగ్లీషు గ్రంథములలో దొరల పేర్లు పెద్దవిగా నుండుట సహజము గాని, ఇట్టివారి పేర్లు మన సంఘములలో ఇంకను ఎక్కువగా వినబడవలసియున్నది.

తరువాత 1876-78 నాటి ఘోర క్షామము వచ్చెను. క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపెను. కూలికొరకు మతము మార్చుకొనిరను అపవాదు రాగూడదని పని నడచునంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. క్షామము తగ్గగా జనులు వెల్లువవలె వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరములో లెక్క తొమ్మిదివేలు దాటెను.

ఒక్క దినమున రెండువేలమంది చేరినచో వారిని ఎవరు పెంచవలెను? పల్లెపల్లెకు ఒక దొర రాలేడు. ఈ భారము పల్లెలలోని పెద్దలమీద, ఉపదేశకులమీద పడెను. గుడిసె ముందఱ దీపము పెట్టి పాట నేర్పుట, కథ చెప్పించుట, రోగి యింటికి పోవుట, తగవు తీర్చుట వారి పని. ఇట్టివారు నిలిచినచోట సంఘము నిలిచినది. లేనిచోట పేర్లు పుస్తకములో మిగిలినవి. ఒంగోలున క్లౌతో పనిచేసిన మెక్లారిన్ 1874లో కాకినాడకు వచ్చి కెనడా బాప్టిస్టు సేవను ప్రారంభించెను. అది క్రమముగా ఉత్తర సర్కారుల తీరమున వ్యాపించెను. కాబట్టి ఒంగోలు ముచ్చట మన ప్రాంతమునకు పరాయిది కాదు.

ఇంగ్లాండులోని ఒక సంగతి కూడ చెప్పెదను, ఏలయన ఇది డబ్బు లెక్కలో పుట్టినది. 1742లో బ్రిస్టలు నగరమున జాన్ వెస్లీ అనుచరులకు భవనపు అప్పు మిగిలెను. వారమునకు తలకొక పెన్నీ ఇత్తమని ఒకరనిరి. బీదలు ఇయ్యలేరని మరియొక రనిరి. అప్పుడొక నావికుడు, పదునొకండుగురు బీదలను నా పేర వ్రాయుడు, వారియొద్దకు ప్రతివారము పోయెదను, వారియ్యలేనిది నేనిచ్చెదను అనెను. ఇతరులును అట్లే ఒప్పుకొనిరి. చందాకై ఇండ్లకు పోయినవారికి త్రాగుబోతుతనము, కలహములు, కన్నీళ్లు కనబడినవి. వెస్లీ వెంటనే గ్రహించి, చందా వసూలు చేయువారినే ఆత్మ క్షేమము విచారించువారిగా నియమించెను. పండ్రెండుగురి తరగతి అట్లు పుట్టినది. మన సంఘములలో గృహిణులు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యము ఈ పెన్నీకి చెల్లెలు వంటిది. ఆ బియ్యము తెచ్చుటకు పోవువారు సంచి మాత్రమే చూచి తిరిగి వచ్చుచున్నారా, ఇంటివారి ముఖము కూడ చూచుచున్నారా అని పెద్దలు విచారింపవలెను.

ఇక పెద్దలకు గల భయము నాకు తెలియును. చిన్న కూటములు పెట్టినచో పార్టీలు పుట్టునని వారందురు. ఆ భయము వట్టిది కాదు. ఒకరి యింట చెప్పుకొన్న బాధ మరునాడు నూతియొద్ద వినబడినచో ఆ కూటము అంతటితో చచ్చినట్లే. సభ్యుల నడుమ వడ్డీకి అప్పులిచ్చుటయు ఇట్టిదే. అప్పు తీసికొన్నవాడు మొదట కూటము మానును, పిమ్మట ఆరాధన మానును. సాయము చేయదలచినచో తిరిగి అడుగకుండ ఇయ్యవలెను, లేనిచో ఊరకుండవలెను.

వీనికంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. పేట ప్రకారము కూటములు ఏర్పరచినచో అవి కులము ప్రకారము ఏర్పడును. మా పేటవారు మా యింట, మీ పేటవారు మీ యింట. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్ర నుండి త్రాగువారు ఒకరి యింట ఒకరు అన్నము తినకపోవుట మన సంఘములలో కలదు. దీనిని దాచి లాభము లేదు. కావున నెలకొకసారియైనను కూటము అవతలి పేటలో జరుగవలెను. ఆ రాత్రి ఆ యింటి అన్నమే అందరును తినవలెను. పెద్దలు ముందుగా విస్తరియొద్ద కూర్చుండినగాని చిన్నవారు కూర్చుండరు.

నడుపు విధమునకు పెద్ద విద్య అక్కరలేదు. పదిమందికి మించకుండుట మేలు. మించినచో రెండు చేయవలెను. చదువు వచ్చినవారు ఒక అధ్యాయము నెమ్మదిగా చదువవలెను. చదువురానివారు ఆ కథను తమ మాటలలో తిరిగి చెప్పవలెను. ఇందులో అక్షరాస్యులకంటె నిరక్షరాస్యురాలగు ముసలమ్మ తరచు గెలుచును. తరువాత, ఈ వారము నీ యింట దీనినెట్లు ఆచరించెదవు అని ఒక్క ప్రశ్న. మరుసటి వారము మొదట అదే ప్రశ్నకు జవాబు. నాయకుడు ప్రసంగము చేయరాదు. అరగంట ప్రసంగించు పెద్ద దొరికినచో కూటము మరల చిన్న ఆదివారమగును. రానివాని యింటికి మరునాడే ఒకరు పోవలెను, నిందించుటకు కాదు, జ్వరమేమోయని చూచుటకు.

మొదట ఏ గ్రంథము చదువవలెనని కొందరడుగుదురు. మార్కు సువార్తలో పదునారు అధ్యాయములు కలవు. వారమునకొకటి చొప్పున పదునారు వారములు. చెఱకు నరకుడు తగ్గిన ఫాల్గుణమున ఆరంభించినచో, నాలుగు నెలలలో, ఆషాఢపు వానలనాటికి, అందరును పొలములకు పోవుటకు ముందే ముగియును.