మందు పనిచేస్తోంది, మరి ఆకలి ఏమైంది? ఏడీహెచ్‌డీ చికిత్సలో రోగి నోరు విప్పాల్సిన అవసరం

సూరత్‌లోని వరాఛా ప్రాంతం వజ్రాలకు సాన పట్టే కార్ఖానాలకు, ఎంబ్రాయిడరీ యూనిట్లకు పేరుపడింది. సాన చక్రాన్ని అక్కడ ‘ఘంటి’ అంటారు. సాధారణంగా ఒక్కో ఘంటి చుట్టూ నలుగురు కూర్చుని పనిచేస్తారు. కూలి చాలా చోట్ల నగల లెక్కన కాదు, రాళ్ల లెక్కన ఉంటుంది. చూపు ఒక్క క్షణం చెదిరితే రాయి పాడవుతుంది, ఆ రోజు సంపాదన తగ్గుతుంది. ఏకాగ్రతే కూలిగా మారే ఇలాంటి చోట, ఏకాగ్రత కుదరని రుగ్మతతో బతకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఆ రుగ్మతే ఏడీహెచ్‌డీ. అవధానం నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ముందువెనుకలు చూడకుండా తొందరపడటం దీని ప్రధాన లక్షణాలు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. చాలామందిలో లక్షణాలు యుక్తవయసు దాటాక కూడా ఏదో ఒక మేరకు కొనసాగుతాయి. దీనికి సమర్థంగా పనిచేసే మందులున్నాయి. అయితే ఆ మందులు తెచ్చే ఇబ్బందులను రోగి గానీ, పిల్లల తల్లిదండ్రులు గానీ వైద్యుడికి చెప్పకపోతే చికిత్స సగంలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఏ మందుతో ఏ ఇబ్బంది

భారతదేశంలో ఈ రుగ్మతకు ప్రధానంగా వాడే మందులు రెండు: మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్. కొందరికి క్లోనిడిన్ కూడా ఇస్తారు.

మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పనిట్సోన్ తయారుచేశారు. మెదడులో డోపమైన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాలు త్వరగా వెనక్కి వెళ్లకుండా ఇది ఆపుతుంది. సాధారణ మాత్ర ప్రభావం సుమారు 4 గంటలు ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు 8 నుంచి 12 గంటల దాకా పనిచేస్తాయి. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కడుపునొప్పి, చిరాకు, గుండె వేగం, రక్తపోటు కొంత పెరగడం దీని సాధారణ దుష్ప్రభావాలు. కొందరు పిల్లల్లో ఎదుగుదల వేగం కాస్త తగ్గవచ్చు.

ఆటమాక్సెటిన్ ప్రభావం పూర్తిగా కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. వికారం, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మగత, ఆకలి తగ్గడం దీనితో రావచ్చు. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. పిల్లల్లో, కౌమార వయస్కుల్లో ఆత్మహత్య ఆలోచనలు తలెత్తవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరిక జారీ చేసింది. ఇక క్లోనిడిన్ మగతను, తక్కువ రక్తపోటును తెస్తుంది. దీన్ని ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు ఉన్నట్టుండి పెరుగుతుంది. అందువల్ల సొంత నిర్ణయంతో ఆపకూడదు.

ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం సరిదిద్దగలిగినవే. మోతాదు తగ్గించవచ్చు. మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చు. రకాన్ని లేదా మందునే మార్చవచ్చు. భోజనం తర్వాత మాత్ర వేసుకోమని చెప్పవచ్చు. కానీ ఇవన్నీ చేయాలంటే ఇబ్బంది ఉందన్న సంగతి ముందు వైద్యుడికి తెలియాలి. నిద్ర పట్టని రాత్రులు రక్తపరీక్షలో కనిపించవు. రోగి చెప్తేనే అవి బయటపడతాయి.

‘గమ్మున కూర్చుంటున్నాడు’ అంటే మంచిదేనా?

పిల్లల విషయంలో మౌనం మరో రూపంలో ఉంటుంది. మందు మొదలయ్యాక అల్లరి తగ్గుతుంది. బడి నుంచి ఫిర్యాదులు రావు. ‘ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నాడు’ అని ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కానీ నిన్నటిదాకా గలగలా మాట్లాడిన పిల్లవాడు ముఖంలో కళ లేకుండా, నవ్వకుండా, ఆటలపై ఆసక్తి లేకుండా కూర్చుంటే అది బుద్ధిమంతుడి లక్షణం కాకపోవచ్చు. మోతాదు ఎక్కువైందనడానికి అది సంకేతం కావచ్చు. చికిత్స ఉద్దేశం పిల్లవాడి స్వభావాన్ని అణచివేయడం కాదు, అతను అతనిగానే ఉంటూ చేయదలచిన పని చేయగలిగేలా చూడటం.

మధ్యాహ్నం డబ్బా సగం అలాగే తిరిగి రావడం, లాగూ నడుము వదులు కావడం, రాత్రి పదకొండైనా కళ్లు మూతపడకపోవడం వంటివి తల్లి కంటికి ముందుగా కనిపిస్తాయి. వాటిని వైద్యుడికి చెప్పాలి. పిల్లవాణ్ని కూడా విడిగా అడగాలి: ‘మాత్ర వేసుకున్నాక నీకు ఎలా ఉంటోంది?’ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక తన చికిత్స గురించి తానే మాట్లాడగలుగుతాడు.

నోరు ఎందుకు పెగలదు

కారణాలు చాలా ఉన్నాయి. పెద్ద డాక్టరు ముందు ఎదురు చెప్పినట్టు అవుతుందేమోనన్న జంకు ఒకటి. ఇబ్బంది ఉందంటే అసలు మందే ఆపేస్తారేమోనన్న భయం మరొకటి. ఓపీలో వరుస పొడవుగా ఉంటుంది, లోపల గడిపే సమయం కొద్ది నిమిషాలే. దినకూలిపై బతికేవారికి ఆసుపత్రికి వచ్చిన పూట సంపాదన పోయినట్టే. ‘పిచ్చికి మందు వాడుతున్నాడు’ అనే మాట పడాల్సి వస్తుందన్న బాధ కూడా ఉంటుంది. ఫలితంగా చాలామంది ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారు. తర్వాత పని చెడితే నింద మళ్లీ తమపైనే వేసుకుంటారు.

సూరత్ తెలుగువారికి భాష కూడా అడ్డంకే. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నాయి. నగర ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇంట్లోనూ బడిలోనూ తెలుగు వినిపించినా, ఆసుపత్రి గదిలో మాత్రం గుజరాతీ లేదా హిందీ మాట్లాడాలి. ‘గుండె దడదడలాడుతోంది’ అన్న మాటను మరో భాషలో వెతుక్కునేలోపు వైద్యుడు తర్వాతి రోగిని పిలుస్తాడు.

కాబట్టి నాలుగైదు మాటలు ముందే నేర్చుకుని వెళ్లడం మేలు. ఆకలి లేదని చెప్పాలంటే ‘భూఖ్ నథీ లాగతీ’, నిద్ర పట్టడం లేదంటే ‘ఊంఘ్ నథీ ఆవతీ’, తలనొప్పికి ‘మాథుం దుఖే ఛే’, కళ్లు తిరుగుతుంటే ‘చక్కర్ ఆవే ఛే’, గుండెలో అలజడిగా ఉంటే ‘గభరామణ్ థాయ్ ఛే’ అంటే గుజరాతీ వైద్యులకు వెంటనే అర్థమవుతుంది.

చిన్న నోటుపుస్తకం, పెద్ద సాయం

ఏడీహెచ్‌డీ ఉన్నవారికి మరచిపోవడం సహజం. వైద్యుడి ముందు కూర్చోగానే చెప్పాలనుకున్నది గుర్తుకు రాదు. అందుకే రోజూ నాలుగు సంగతులు రాసుకోవాలి: మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, ఇబ్బంది ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, దానివల్ల ఏ పని ఆగింది. ‘ఒంట్లో బాగుండటం లేదు’ అనడం కంటే ‘ఉదయం 9కి మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం 2 దాకా తినబుద్ధి కావడం లేదు, మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గాను’ అని చెప్తే వైద్యుడికి దారి దొరుకుతుంది.

ఇతర అలవాట్లనూ దాచకూడదు. కార్ఖానాల్లో గంటగంటకూ టీ తాగడం మామూలే. టీలోని కెఫీన్ కూడా దడను, నిద్రలేమిని పెంచుతుంది. పొగాకు, వక్క, సున్నం కలిపిన ‘మావా’ నమిలే అలవాటుంటే అందులోని నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. జలుబుకు కొనే కొన్ని మందులు, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు కూడా ఈ మందులతో పొసగకపోవచ్చు. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉన్నా ముందే చెప్పాలి.

వైద్యుడిని నిస్సంకోచంగా అడగదగిన ప్రశ్నలు ఇవి: ఈ ఇబ్బంది కొన్నాళ్లకు తగ్గేదేనా? మోతాదు తగ్గించవచ్చా? వేరే మందు ఉందా? ఒక మాత్ర మరచిపోతే ఏం చేయాలి? బరువు, రక్తపోటు మళ్లీ ఎప్పుడు చూస్తారు? ఈ మందులు వాడేవారికి గుండె వేగం, రక్తపోటు మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆపై ఆరు నెలలకోసారి చూడాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పదేళ్లలోపు పిల్లల బరువును మూడు నెలలకోసారి, ఎత్తును ఆరు నెలలకోసారి చూడాలి.

అడగడం హక్కు

ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 22వ సెక్షన్ ప్రకారం, మానసిక అనారోగ్యానికి చికిత్స పొందే వ్యక్తికి ఆ చికిత్స వివరాలను, తెలిసిన దుష్ప్రభావాలను తెలుసుకునే హక్కు ఉంది. ఆ సమాచారం వారికి అర్థమయ్యే భాషలో అందాలని కూడా చట్టం చెబుతోంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ సమాచారం పొందడం, రికార్డులు తీసుకోవడం, మరో వైద్యుడి అభిప్రాయం కోరడం ఉన్నాయి. ఈ పత్రం ఏ జబ్బుతో వచ్చిన రోగికైనా వర్తించేలా రాసినది.

మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ జాబితాలోని మందు. దీనికి చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి. ఒక ప్రతిని దుకాణదారు రెండేళ్లు భద్రపరచాలి. అన్ని దుకాణాల్లో ఇది దొరకదు. కాబట్టి పండగకు ఊరెళ్లేవారు చీటీ ప్రతిని, నోటుపుస్తకాన్ని వెంట ఉంచుకోవాలి. తోటివారి మాత్రలు పంచుకోకూడదు.

దుష్ప్రభావాన్ని వైద్యుడికే కాక ప్రభుత్వానికీ తెలియజేయవచ్చు. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఇలాంటి ఫిర్యాదులను నమోదు చేస్తుంది. దీని ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగు, గుజరాతీ సహా పలు భారతీయ భాషల్లో ఉంది. ఒకరు రాసిన నాలుగు వాక్యాలు అదే మందు వాడే మరెందరికో రక్షణ కావచ్చు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, లేని మాటలు వినిపించడం లేదా లేనివి కనిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం వంటివి కనిపిస్తే తర్వాతి ఓపీ దాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి. వరాఛా వాసులకు దగ్గర్లోని ఉమర్వాడాలో నగర పాలక సంస్థ వైద్య కళాశాల ఆసుపత్రి స్మిమెర్ ఉంది. మనసులోని బాధ చెప్పుకోవడానికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ, గుజరాతీలోనూ అందుబాటులో ఉంది.

మందు గుణాన్ని తయారీదారు చెప్తాడు, మోతాదును వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆ మందు ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తోందో చెప్పగలిగింది మాత్రం దాన్ని మింగినవారే. తర్వాతిసారి వైద్యుడు ‘అంతా బాగానే ఉందా?’ అని అడిగినప్పుడు తల ఊపి లేచి రావడం కాకుండా, నోటుపుస్తకం తెరిచి మొదటి వాక్యం చదవడం చికిత్సలో భాగమే.