గప్పీ కడుపులో దాగిన తండ్రి

గద్వాలలో అక్వేరియం దుకాణం నుంచి ఎవరో ఒక్క ఆడ గప్పీని కొని, ప్లాస్టిక్ సంచిలో నీళ్లతో సహా ఇంటికి తెచ్చుకున్నారనుకుందాం. తొట్టిలో దానికి తోడు ఇంకో చేప లేదు. నెల తిరిగేసరికి నీటిమొక్కల చాటున, కళ్లు తప్ప ఇంకేమీ కనబడని పిల్లలు పాతిక దాకా తిరుగుతుంటాయి. ఇంకో నెలకు మళ్లీ కాన్పు. మగచేప ఎక్కడి నుంచి వచ్చిందని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. మగచేప దుకాణంలోనే ఉండిపోయింది. దాని వీర్యం మాత్రం ఆడచేప కడుపులో దాక్కుని వీళ్లింటికి వచ్చింది.

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే పెడతాయి. ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, ఆ వీర్యాన్ని ఆడచేప నెలల తరబడి దాచుకుని, కాన్పు కాన్పుకూ కొంత వాడుకుంటుంది. ట్రినిడాడ్ వాగుల్లో గప్పీలపై జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. మగ గప్పీ చచ్చిపోయి పది నెలలైనా దాని పిల్లలు పుడుతూనే ఉన్నాయని అందులో తేలింది. పైగా ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలుండటం మామూలే. దుకాణం నుంచి తెచ్చిన ఆడచేపను నచ్చిన మగచేపతో జోడీ కట్టి, పుట్టినవన్నీ ఆ జోడీ పిల్లలే అని నమ్మితే మోసపోయినట్టే.

కృష్ణ ఒడ్డు వాళ్లకు ఇది మరీ వింతగా తోస్తుంది. జూరాల నీళ్లలో పెరిగే బొచ్చె, రోహు గుడ్లు పెట్టే చేపలు. వాటిలో ఫలదీకరణమంతా ఒంటికి బయట, నీళ్లలోనే జరుగుతుంది. హేచరీలో మగచేపను గుర్తుపట్టాలంటే ఛాతీ రెక్క తడిమి చూస్తారు, సీజన్‌లో అది గరుకుగా తగులుతుంది. పొట్ట మెల్లగా నొక్కితే పాలలాంటి వీర్యం వస్తుంది. మన దేశంలో ఈ చేపలకు హార్మోన్ ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించడం 1957 జులై 10న ఒడిశాలో తొలిసారి సాధ్యమైంది. ఆ రోజునే ఏటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతున్నారు. వనపర్తి జిల్లా పెబ్బేరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం మత్స్య కళాశాల ఉంది. ఆ పక్క ఊళ్లలో చేపపిల్లల సంగతి తెలియని మత్స్యకార కుటుంబం అరుదు. ఆ అనుభవం గాజు తొట్టిలోకి వచ్చేసరికి సగమే పనికొస్తుంది. ఇక్కడ పొట్ట నొక్కే పని లేదు, చూడాల్సింది ఒక రెక్కను.

పొట్ట దాటాక కింది వైపు ఉండే రెక్క అది. ఆడచేపలో విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. మగచేపలో ఆ రెక్కలోని మూడు, నాలుగు, ఐదో ఈనెలు పొడవుగా సాగి, సన్నటి పుల్లలా మారతాయి. దాన్ని గోనోపోడియం అంటారు. ఆ పుల్లతోనే మగచేప వీర్యాన్ని ఆడచేప ఒంట్లోకి చేరుస్తుంది. పుట్టినప్పుడు గప్పీ పిల్లలన్నీ బూడిద రంగులో ఒకేలా ఉంటాయి. మూడు నాలుగు వారాల వయసులో ఒక్కోదాన్ని చిన్న గాజు సీసాలోకి తీసి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే తేడా దొరుకుతుంది. ఆడచేపల్లో ఆ రెక్క దగ్గరే ఒక నల్లటి మచ్చ కూడా కనిపిస్తుంది. మచ్చ ఉంటే కడుపుతో ఉన్నట్టే అనుకోవడం పొరపాటు. కన్నె చేపకూ ఉంటుంది, కాన్పు దగ్గరపడ్డప్పుడు ఇంకా ముదురుతుంది. సంకరం చేయదలచిన వాళ్లు రంగులు తేలే దాకా ఆగకూడదు. తోక రంగు కనబడే నాటికి మగపిల్లలు అక్కచెల్లెళ్ల వెంట పడుతుంటాయి.

స్వోర్డ్‌టెయిల్‌తో ఇంకో చిక్కు. పిల్లలు పెట్టిన ఆడచేపే మగచేపగా మారిందని చాలామంది చెబుతారు. చాలా సందర్భాల్లో జరిగేది వేరు. ఆ జాతిలో కొన్ని మగచేపలు ఆలస్యంగా ఎదుగుతాయి. అప్పటిదాకా ఆడచేపలాగే బొద్దుగా, తోకకు కత్తి లేకుండా తిరుగుతాయి. యజమాని పొరబడ్డాడే తప్ప చేప మారలేదు.

గప్పీ రంగుల కథ వంశవృక్షంలా నడుస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహన్నెస్ ష్మిట్ 1920లో, ఆ తర్వాత ఓయ్‌విన్ వింగే, మగ గప్పీల మచ్చలూ చారలూ కొన్ని నేరుగా తండ్రి నుంచి కొడుక్కే వస్తాయని చూపించారు. ఇంటిపేరులా మగబిడ్డల వెంట నడిచే రంగులవి. ఆ జన్యువులు వై క్రోమోజోమ్ మీద ఉంటాయి. మిగతా రంగులు తల్లి వైపు నుంచి రావచ్చు, తల్లి ఒంటి మీద మాత్రం అవి చాలావరకు కనబడవు. అందుకే ఆడచేపను ఎంచుకునేటప్పుడు దాన్ని చూసి లాభం లేదు, దాని తోడబుట్టిన మగచేపల్ని చూడాలి.

రెండు రకాలు కలిస్తే పాలూ నీళ్లలా కలిసిపోతాయన్నది మరో అపోహ. గద్వాల చీర దీనికి మంచి పోలిక. ఒంటి భాగం నూలు, అంచు పట్టు. రెంటినీ మగ్గం మీదే కలుపుతారు. చీర ఒకటే అయినా నూలు నూలుగానే, పట్టు పట్టుగానే ఉంటుంది. సంకర చేపలోనూ తల్లి జన్యువు, తండ్రి జన్యువు పక్కపక్కన ఉంటాయి, కరిగిపోవు. మొదటి తరంలో మరుగుపడ్డ లక్షణం రెండో తరంలో మళ్లీ బయటపడటానికి కారణం అదే. ఒక తరంతో ఆగి, రంగు పోయిందని నిరాశపడే వాళ్లు తొందరపడుతున్నట్టే.

ఏది దేనితో కలుస్తుందన్నది దగ్గరితనాన్ని బట్టి ఉంటుంది. ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ సులభంగా కలుస్తాయి. సంతలో దొరికే ఎర్రటి, నల్లటి రకాల్లో ఎక్కువ ఆ రెంటి కలయికతో వచ్చినవే. గప్పీ, మోలీ కలవడం అరుదు, పుట్టిన పిల్లలు చాలావరకు గొడ్డుపోతాయి. అమెజాన్ మోలీ అనే చేప మరీ విచిత్రం. రెండు మోలీ జాతుల సంకరంగా ప్రకృతిలోనే పుట్టింది, దాని పిల్లలన్నీ ఆడవే. పిండం మొదలవడానికి వేరే జాతి మగచేప వీర్యం కావాలి, ఆ తండ్రి జన్యువులు మాత్రం పిల్లలకు చేరవు. ఆడచేపలే ఉన్న వెన్నెముక జీవిగా దీన్ని 1932లో హబ్స్ దంపతులు లోకానికి చెప్పారు.

సరదాగా చేసే సంకరానికి ఒక చేదు ఫలితమూ ఉంది. నల్లమచ్చల ప్లాటీని స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే పిల్లల్లో మచ్చలు పెద్దవవుతాయి. ఆ పిల్లల్ని మళ్లీ స్వోర్డ్‌టెయిల్‌తోనే కలిపితే, మచ్చ జన్యువు అందుకున్న వాటిలో దాదాపు సగానికి నల్లటి కణితి మొలిచి ప్రాణం తీస్తుంది. అది చర్మ క్యాన్సర్. 1920ల చివర అమెరికాలో మైరన్ గోర్డన్, జర్మనీలో కుర్ట్ కోస్విగ్ దీన్ని గుర్తించారు. ప్లాటీలో కణితి పుట్టించే జన్యువూ ఉంది, దాన్ని అదుపులో పెట్టే జన్యువూ ఉంది. సంకరంలో రెండోది జారిపోతుంది, మొదటిది ఆగదు. క్యాన్సర్ వంశపారంపర్యంగా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి పరిశోధకులు ఇప్పటికీ ఈ చేపల్ని పెంచుతున్నారు. ఇంట్లో పెంచేవాళ్లు మచ్చ ఉబ్బుతున్న చేపతో మళ్లీ పిల్లల్ని పెట్టించకపోవడం దాని మీద దయ చూపడమే.

నీళ్ల విషయంలో పాలమూరు ప్రాంతానికి కొంత అనుకూలం ఉంది. సబ్బు నురగ రాని బోరు నీళ్లంటే ఇళ్లలో విసుగు, మోలీలకూ గప్పీలకూ మాత్రం అలాంటి కఠిన జలమే హాయి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒకరోజు బకెట్లో ఉంచాలి. ఏప్రిల్, మే ఎండల్లో తొట్టి వేడెక్కితే ప్రాణవాయువు తగ్గిపోతుంది కాబట్టి నీడలో పెట్టడం తప్పనిసరి.

గప్పీ, మోలీల కుటుంబానికే చెందిన ఇంకో చేప ఎప్పుడో ఊరి కుంటల్లోకి దిగింది. దోమ పిల్లల్ని తినే గంబూషియాను 1928లో ఇటలీ నుంచి భారత్‌కు తెచ్చారు. మురుగు కుంటల్లో దాన్ని వదలడం తెలుగు పత్రికల్లో తరచూ కనిపించే వార్తే. అది దోమ పిల్లలతోపాటు కప్ప పిల్లల్నీ, స్థానిక చేపల గుడ్లనూ తింటుంది. ప్రపంచంలో అతి హానికరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో దాని పేరు ఉంది. గప్పీ కూడా అంతే మొండి. వీర్యం దాచుకున్న ఒక్క ఆడచేప జారినా చాలు, ఒక కుంట నిండుతుంది. నాగర్‌కర్నూల్ కేసరి సముద్రంలోకో, జూరాల కాలువలోకో మిగిలిన సంకర చేపల్ని జాలితో వదిలిపెట్టడం అక్కడి చేపలకు కీడు. ఎక్కువైనవాటిని తెలిసినవాళ్లకు ఇవ్వచ్చు, దుకాణానికి తిరిగి ఇవ్వచ్చు. తొట్టి కడిగిన నీళ్లను కూడా మోరీలో కాకుండా పూలకుండీల్లో పోయాలి. నిన్న రాత్రి పుట్టిన పిల్ల ఒకటి ఆ నీళ్లలో ఉండొచ్చు.